పిలుపును దారియు

ధ్యాన భాగములు: మార్కు 2:1–12, లూకా 14:12–24



కపెర్నహూములో ఇంటికప్పు విప్పి పక్షవాయువు గలవానిని దింపిన సంగతి మీలో ఎరుగనివారు లేరు. ఆదివారపు బడి పిల్లలు సహితము దానికి బొమ్మ గీయగలరు. ఈ భాగమును తీసికొని మేము ఎన్ని పర్యాయములు ప్రసంగించితిమో లెక్క లేదు. ప్రతి పర్యాయమును ఆ మోసిన నలుగురిని గూర్చియే చెప్పితిమి. వారి విశ్వాసము, వారి ఐకమత్యము, వారి పట్టుదల. సెమినరీలో మాకు ప్రసంగించుట నేర్పిన గురువులును ఆ నలుగురినే చూపిరి. ద్వారమునొద్ద క్రిక్కిరిసి నిలిచి వారికి దారి ఇయ్యని జనులను గూర్చి ఒక్క ప్రసంగమైనను చేసినట్లు మాకు జ్ఞాపకము లేదు. గత సంవత్సరము మా సంఘములో జరిగిన ఒక సంగతి వలన ఆ జనులవైపు చూడవలసి వచ్చినది. చూడగా ఆ ముఖములు మేము బాగుగా ఎరిగినవే.

వారు చెడ్డవారు కారు. వాక్యము వినవలెననియే వచ్చిరి. మంచమును చూచి పొమ్మని త్రోసినట్లు సువార్తికుడు వ్రాయలేదు. వారి ముఖములు ప్రభువు తట్టు ఉన్నవి గనుక వారి వీపులు వీధి తట్టు ఉన్నవి. అంతకంటె వారిమీద మోపదగిన నేరము లేదు. ఐనను ఆ వీపులే రోగికి గోడ ఆయెను.

ఆ అధ్యాయములో రెండు చిన్న మాటలు కలవు. వాటిని మేము చాలాకాలము చూడకయే దాటిపోయితిమి. ద్వారమునొద్దనైనను చోటు లేదని రెండవ వచనము చెప్పుచున్నది. శాస్త్రులు కొందరు అక్కడ కూర్చుండియుండిరని ఆరవ వచనము చెప్పుచున్నది. నిలుచుటకే చోటులేని యింటిలో కూర్చుండుటకు కొందరికి చోటు ఎట్లు దొరకెను? ఈ ప్రశ్న వేదికమీద మెత్తని కుర్చీలలో కూర్చుండు మావంటివారికి తగులును, తగులనిండు. ఇక రెండవ మాట. స్వస్థత నొందినవాడు తన పరుపు ఎత్తుకొని అందరి యెదుట నడచి వెళ్లెనని పండ్రెండవ వచనము. అతడు మరల కప్పు ఎక్కి పోయియుండడు గదా. లోపలికి వచ్చునప్పుడు దొరకని దారి బయటికి పోవునప్పుడు దొరకెను. అనగా జనులు కొంచెము జరిగినయెడల దారి మొదటినుండియు ఉన్నదే.

ఇక మా సంఘపు సంగతి చెప్పుదుము.

మా దేవాలయమునకు ఏడు మెట్లు. చెరువు పొర్లినప్పుడు నీరు లోపలికి రాకుండ పూర్వపు పెద్దలు పునాది ఎత్తుగా వేసిరి. మంచి ఆలోచనయే. ఆ పునాదికి ఇసుక మోసినవారిలో ఒక అవ్వ మొన్నటివరకు మా మధ్య ఉండెను. ఎనుబది దాటినది. ఆమె పేరు వ్రాయము, ఆమెకది ఇష్టముండదు. తుంటి ఎముక విరిగిన తరువాత వాకరు పట్టుకొని ఇంటి వాకిలివరకు మాత్రము నడచుచుండెను. మా గంట ఆమెకు వినబడును, పాటలును వినబడును. మెట్లు మాత్రము ఎక్కలేదు.

ప్రతి నెల మొదటి ఆదివారము సాయంకాలమున ప్రభు సంస్కారమును ఆమె యింటికి తీసికొనిపోవుచుంటిమి. దానివలన మా మనస్సులో ఒక తృప్తి యుండెడిది, దాచనేల? ఒక సాయంకాలము ప్రార్థన ముగించి లేచుచుండగా ఆమె కోపమేమియు లేకుండ ఇట్లనెను: “అయ్యగారూ, రొట్టె తెచ్చారు, రసం తెచ్చారు. సంఘాన్ని తేలేరు గదా.” మేము ఏమి చెప్పుటకు తోచక, వచ్చే ఆదివారము నలుగురు యువకులను పంపి కుర్చీతో మోయింతుమంటిమి. “వద్దండయ్యగారూ. నన్నెత్తుకొని మెట్లెక్కిస్తే గుడంతా నా వంకే చూస్తది. నేనొచ్చేది ఆయన్ని చూడ్డానికి. నన్ను చూపించుకోడానికా?” అనెను.

ఆ మాటలలోనే కూటముల ప్రసక్తి వచ్చినది. బాగుగా నడువగలిగిన దినములలోను, మా మూడు దినముల వార్షిక కూటములకు వచ్చునప్పుడు ఆమె తెల్లవారుజామునుండి మంచినీళ్లు ముట్టకుండెడిదట. మరుగుదొడ్డి పందిరికి దూరము, త్రోవ చీకటి, అక్కడ వరుస. కూర్చుండినచో పట్టుకొని లేచుటకు ఏమియు లేదు. కనుక నీళ్లు మానుటయే మేలని ఆమె తీర్మానించుకొనెను. ఇంటికి వచ్చి మా గృహిణితో ఈ సంగతి వింతగా చెప్పితిమి. ఆమె మా ముఖము చూచి, “ముసలివాళ్లందరూ అంతే. ఇరవై ఏండ్లుగా కూటాలు జరిపిస్తున్నారు, మీకు తెలియదా?” అనెను. మాకు తెలియదు. పందిరి ఎంత వెడల్పు, మైకు బాక్సులు ఎన్ని, ప్రసంగికులకు బస ఎక్కడ, ఇవన్నియు మాకు తెలియును. దాహముతో వాక్యము వినిన వృద్ధ స్త్రీలను గూర్చి తెలియదు.

సంఘ కమిటీలో విషయమును పెట్టితిమి. మెట్ల ప్రక్కను వాలుగా దారి, అనగా ర్యాంపు, కట్టవలెనంటిమి. ఒక పెద్ద లేచెను. ఆయన దైవభక్తి గలవాడు, కానుకలలో వెనుకాడనివాడు; ఆయన మాటలు తేలికగా తీసివేయదగినవి కావు. “అయ్యగారూ, గుడి తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి. ఎవర్నీ రావద్దనలేదు. రాలేనివాళ్లకు సంస్కారం ఇంటికి తీసుకెళ్తున్నాం. ఇద్దరు ముగ్గురి కోసం రేకుల డబ్బు ఖర్చుపెట్టాలా? వాన కురిస్తే అందరూ తడుస్తారు,” అనెను. మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. విషయము వచ్చే కూటమునకు వాయిదా పడెను, ఆ కూటములో మరల వాయిదా పడెను. ఈ మధ్యలో అవ్వ ప్రభువునందు నిద్రించెను.

భూస్థాపన దినమున నలుగురు యువకులు ఆమె పెట్టెను మోసికొని ఆ యేడు మెట్లు ఎక్కిరి. ఎవరికిని కష్టము కాలేదు. మేము ద్వారమునొద్ద నిలిచి చూచితిమి. ఆరాధన క్రమము చదివితిమి గాని ప్రసంగము చేయలేకపోతిమి.

అప్పటినుండి ఒక ప్రశ్న మమ్మును విడువలేదు. అందుకొరకే ఈ వ్యాసము. ముసలివారికిని వికలాంగులకును మన సమావేశములలో చోటు చేయుట మనము చూపు దయయా, లేక మనము చెల్లింపవలసిన ఋణమా? దయయైనయెడల డబ్బు మిగిలినప్పుడు చేయవచ్చును, మిగలనప్పుడు మానవచ్చును, చేసినప్పుడు మెప్పు పొందవచ్చును. ఋణమైనయెడల అట్లు కుదరదు.

ఆ పెద్ద చెప్పిన మొదటి మాట, తలుపు తెరచియే యున్నదనుట. లూకా 14వ అధ్యాయములోని విందును చూడుడి. మొదట పిలువబడినవారు పొలముగలవారు, ఎడ్లుగలవారు, క్రొత్తగా పెండ్లి చేసికొన్నవారు. వారికి, అన్నియు సిద్ధమైనవి రండని కబురంపిన చాలును. కాళ్లున్నవి, నడచి రాగలరు, రాకపోవుట వారి యిష్టము. తరువాత యజమానుడు బీదలను, అంగహీనులను, గ్రుడ్డివారిని, కుంటివారిని గూర్చి దాసునితో చెప్పినప్పుడు వట్టి కబురు చాలదనెను. వెంటబెట్టుకొని లోపలికి తీసికొని రమ్మనెను. ఎందుకనగా గ్రుడ్డివానికి కబురు అందును గాని వీధి కనబడదు. కుంటివానికి విందు సంగతి వినబడును గాని ఆ యింటి అరుగు ఎక్కుట చేతకాదు. వారి విషయమై పిలుచుట యనగా దారి చూపుటతో కూడిన పని. దారి లేకుండ మనము చేయు పిలుపు వారికి పిలుపే కాదు. అది మన మనస్సును సమాధానపరచుకొనుటకు మాత్రము పనికివచ్చును. మా ఏడు మెట్లపైన తెరచియుంచిన తలుపు అట్టిదే.

లేవీయకాండము 19వ అధ్యాయములో గ్రుడ్డివాని త్రోవలో అడ్డము వేయకూడదను ఆజ్ఞ 14వ వచనమున ఉన్నది. తల నెరసినవాని యెదుట లేచి నిలువవలెనను ఆజ్ఞ 32వ వచనమున ఉన్నది. రెండును దేవుని భయముతోనే ముడిపెట్టబడినవి. మొదటి ఆజ్ఞను వినగానే, రాయి తెచ్చి వేసిన దుర్మార్గుని తలంచుకొని, మేము అట్టివారము కాము అనుకొందుము. కాని రాయి వేసినవాడు లేకున్నను రాయి రాయియే. చెరువు నీటికి భయపడి మంచి మనస్సుతో కట్టిన మెట్టు తుంటి విరిగినదానికి అడ్డమే. అది అడ్డమని తెలిసిన దినమునుండి దానిని తీయకుండుట మన పని యగును. కట్టినవారి పాపము కాదు. ఆమె చెప్పిన సాయంకాలమునుండి రెండు కమిటీ కూటములు గడచిపోయినవి. ఆ కాలము మా లెక్కలో ఉన్నది.

మరియొక మాట మన పల్లెలలో న్యాయమువలె చెల్లుచున్నది: ముందు వచ్చినవారిదే ముందు చోటు. ఇందులో పక్షపాతము లేనట్లు కనబడును. బేతెస్ద కోనేటియొద్ద నడచినదియు ఇదియే గదా. యోహాను 5వ అధ్యాయములో 38 సంవత్సరములు జబ్బుతో నున్నవాడు ప్రభువుతో చెప్పుకొనినది, తాను దిగులోపల మరియొకడు ముందుగా దిగుచున్నాడనియే. అందరికి ఒకటే నియమము, ఒకటే కోనేరు. ఐనను నెమ్మదిగా కదలువానికి ఆ నియమము ఎన్నడును మేలు చేయలేదు. ప్రేమవిందులో గరిటె దగ్గరికి ముందు చేరువారు ఎవరు? గృహప్రవేశమునకు, పెండ్లికి పోయి చూడుడి. ఇప్పుడు పల్లెలలో సహితము బంతి భోజనము తగ్గి బఫే వచ్చినది. కర్ర పట్టుకొని వచ్చిన తాతకు ఒక చేత కర్ర, ఒక చేత పళ్లెము. కలిపి తినుటకు మూడవ చేయి ఎక్కడిది? ఆయన ఒక మూల నిలిచి, ఆకలి లేదని చెప్పి యింటికి పోవును. మనము నమ్ముదుము. బంతి భోజనమే మేలని మేము అనుట లేదు. నేలమీద కూర్చుండిన మోకాళ్లు నొచ్చువారు కూడ కలరు. నాలుగు బల్లలు, ఎనిమిది కుర్చీలు, వడ్డించు ఇద్దరు పిల్లలు. ఇంతకంటె ఎక్కువ ఖర్చు లేని సంగతి ఇది.

గుంపులో నెట్టుకొనుట మొదలైనయెడల మొదట పడిపోవునది ఎవరో అందరము ఎరుగుదుము. 2015 జూలై 14వ తేదీన రాజమండ్రిలో గోదావరి పుష్కరముల మొదటి దినమున రేవునొద్ద త్రొక్కిసలాటలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. అది మన పండుగ కాదని చదివి విడిచిపెట్టరాదు. ఏ మతపు గుంపైనను గుంపే. మన క్రిస్మసు రాత్రి ఆరాధన ముగిసినప్పుడు ఒకే ద్వారమునుండి అందరు ఒక్కసారి బయటపడు విధము తలంచుకొన్న మాకు ఇప్పుడు భయమగుచున్నది.

మన పెద్దల కాలములో ఇంతకంటె గొప్ప సమూహములు క్రమముగా నడచినవి. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు మిషనువారు గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లియొద్ద ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. అవి ఘోరమైన కరవు వెంటనే వచ్చిన దినములు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలోనికి దిగి, అలసినప్పుడు మార్చుకొనుచు ఆ పని చేసిరి. మా తలంపునకు వచ్చునది ఆ సంఖ్య కాదు. 2,222 మందియైనను ఒక్కొక్కరిగానే ముంచబడిరి. ఎవరును గుంపుగా బాప్తిస్మము పొందలేదు. ఎవరి చేయి పట్టవలెనో వారి చేయి పట్టిరి. గుంపు పెద్దది గనుక ఒక్కొక్కరిని చూచుకొనలేమని మనము చెప్పునప్పుడు ఆ యేటి ఒడ్డు మనకు ఎదురు సాక్ష్యము చెప్పును.

రెండవ ఆక్షేపణ, ఇద్దరు ముగ్గురి కొరకు ఇంత ఖర్చా అనునది. తొంబదితొమ్మిది గొఱ్ఱెల ఉపమానము చెప్పి ఆ పెద్దను నోరు మూయించుట సులభము. ఐతే ఆయన ప్రశ్నకు అది పూర్తి సమాధానము కాదు. రేకులు నిజముగానే కారుచున్నవి. మేము అప్పుడు లెక్క చూడలేదు, తరువాత చూచితిమి. మా ఆరు గ్రామములలో ఇల్లిల్లు తిరిగి వ్రాసికొంటిమి. మెట్లు ఎక్కలేనివారు, చూపు మందగించినవారు, చెవి వినబడనివారు, పక్షవాతముతో మంచమున నున్నవారు, నేలమీద కూర్చుండి లేవలేనివారు, అందరును కలిసి ఇద్దరు ముగ్గురు కారు. వారు రాకుండుటకు అలవాటుపడిరి, మనము వారు లేకుండుటకు అలవాటుపడితిమి. అందువలన మన కంటికి ఇద్దరు ముగ్గురుగా కనబడిరి. 2011 జనాభా లెక్కలలో మన దేశమందు వికలాంగులు 2 కోట్ల 68 లక్షలని వ్రాసిరి. వారిలో దాదాపు 1 కోటి 86 లక్షల మంది పల్లెలవారే. వృద్ధులలో అనేకులు ఈ లెక్కలోనికి రానేరరు. మోకాళ్ల నొప్పిని ఎవరు లెక్క వ్రాయింతురు?

మనమును ఒక దినమున ముసలివారమగుదుము గనుక ఇప్పుడే ర్యాంపు కట్టుకొందమని ఒక యువకుడు కమిటీలో చెప్పెను. నిజమే, దానికి చప్పట్లు కూడ పడెను. ఐనను ఆ హేతువు మాకు అంతగా నచ్చలేదు. రేపు మన కాళ్లు నొచ్చునను భయముతో కట్టునది మన కొరకే కట్టుకొనుట. ప్రభువు శిష్యుల పాదములు కడిగినది రేపు వారు తన పాదములు కడుగవలెనని కాదు గదా. కాని ఆ హేతువు వలన నాలుగు ఓట్లు వచ్చినవి, వద్దనలేదు.

మూడవ సంగతి, ఇంటికే సంస్కారమును తీసికొనిపోవుట. ఇది చెడ్డదని మేము చెప్పుట లేదు. మంచము విడువలేనివారికి అదియే కృప. 2024 ఎన్నికలలో 85 సంవత్సరములు దాటినవారికిని, 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము గలవారికిని ఇంటినుండియే ఓటు వేయు సదుపాయమును ఎన్నికల సంఘము ఇచ్చెను. కోరినవారే దానిని తీసికొనిరి. తక్కినవారి కొరకు పోలింగు కేంద్రములలో ర్యాంపులు, చక్రముల కుర్చీలు పెట్టవలెనని నియమము చేసిరి. రెండు దారులును పెట్టి, ఏది కావలెనో ఓటరునే కోరుకొమ్మనిరి. మేము అవ్వకు ఒక్క దారియే మిగిల్చి, దానికి పరిచర్య యని పేరు పెట్టుకొంటిమి. ఓటునకు ఉన్న గౌరవము ప్రభువు బల్లకు లేకపోయినది.

2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులో ఉన్నది. 1995 నాటి చట్టములో 7 రకముల వైకల్యములే లెక్కకు రాగా ఇందులో 21 రకములు చేర్చిరి. ప్రజలు వచ్చిపోవు కట్టడములు అందరికి అందుబాటుగా ఉండవలెనని దాని ఉద్దేశము. దానిని ఇక్కడ ఎత్తుట మిమ్మును బెదరించుటకు కాదు. లోకములోని ప్రభుత్వము ఋణమని ఒప్పుకొన్నదానిని సంఘము ఇంకను దయయని చెప్పుకొనుట మాకు సిగ్గుగా తోచినది.

పొరుగు గ్రామమున ఒక సహోదరుడు కలడు. దర్జీ పని చేయును. పసితనమున పోలియో వచ్చి రెండు కాళ్లు చచ్చుబడినవి. మన దేశము 2014లో పోలియో లేని దేశముగా ప్రకటింపబడినది, దేవునికి స్తోత్రము. అంతకు పూర్వము ఆ వ్యాధి సోకినవారు మాత్రము మన మధ్య ఇంకను ఉన్నారు. అతడు మూడు చక్రముల బండిమీద కూటములకు వచ్చును. అతనిని అడుగగా ఇట్లు చెప్పెను: “ప్రతి కూటంలో నన్ను ముందుకు పిలిచి నా కాళ్ల కోసం ప్రార్థన చేస్తారు పాస్టరుగారూ. ఎండ తగలకుండా నా బండి పెట్టుకునే చోటు మాత్రం ఎవరూ చూపించరు.” కొందరు ప్రసంగికులు, నీ విశ్వాసము చాలక నీవు లేవలేదని కూడ అతనితో చెప్పిరట. ఈ మాట విన్నప్పుడు మేము కోపపడితిమి. దేవుడు స్వస్థపరచునని మేము నమ్ముచున్నాము. ఐతే రెండవ సమూయేలు 9వ అధ్యాయములో మెఫీబోషెతు యెరూషలేములో రాజు బల్లయొద్ద నిత్యము భోజనము చేసెను, అతని కాళ్లు రెండును కుంటివై యుండెను అని చెప్పి అధ్యాయము ముగియుచున్నది. కాళ్లు బాగుపడిన పిమ్మట బల్లయొద్దకు రమ్మని దావీదు చెప్పలేదు. ముందు నీడలో చోటు చూపుదము. స్వస్థత కొరకు అతడు కోరినప్పుడు అతనితో కలిసి ప్రార్థింతము.

నడకను గూర్చి ఒక మాట. ఏశావు తన మనుష్యులతో కలిసి ప్రయాణము చేయుదమనినప్పుడు యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు లేతవారు, పాలిచ్చు పశువులు కలవు, వాటి నడక కొలదిని మెల్లగా వచ్చెదననెను (ఆది 33:13, 14). ఇది అన్నకు భయపడి చెప్పిన మాట కూడ కావచ్చును, యాకోబు సంగతి తెలిసినదే. కాని ముందు అధ్యాయపు చివర చూడుడి: ఆ తెల్లవారుజాముననే అతని తొడ యెముక తప్పి కుంటుచు బయలుదేరెను. తాను కుంటువాడు ఇతరుల నడక ఎరిగెను. మన మట్టల ఆదివారపు ఊరేగింపులో యువకులు డప్పుతో ముందు సాగిపోవుదురు. వృద్ధులు వీధి మలుపులోనే మిగిలిపోవుదురు. ఈ సంవత్సరము మేము వృద్ధులను ముందు నడిపించితిమి. డప్పువారు వెనుక నడువవలసి వచ్చి కొంత సణిగిరి. ఊరేగింపు అరగంట ఆలస్యమాయెను. నష్టమేమియు కలుగలేదు.

మా నోటి అలవాటు కూడ ఒకటి మార్చుకొనుచున్నాము. పాట రాగానే, అందరు లేచి నిలువుడి అని చెప్పుట మాకు అలవాటు. లేవలేనివారికి అప్పుడు ఎదుటివారి వీపులు తప్ప ఏమియు కనబడవు, లేవలేకపోయినందుకు సిగ్గుపడి తల వంచుకొందురు. ఇప్పుడు, నిలువగలవారు నిలువుడి, కూర్చుండినవారు కూర్చుండియే పాడుడి అని చెప్పుచున్నాము. ఇంకను అప్పుడప్పుడు మరచిపోవుచున్నాము.

ర్యాంపు సంగతి. మూడవ కమిటీలో తీర్మానము ఆయెను. ఆక్షేపించిన పెద్దయే సిమెంటు ఇచ్చెను. ఎందుకు మనస్సు మారెనని మేము అడుగలేదు. మేస్త్రీ మొదట పండ్రెండు అడుగులలో ముగించెదననెను. అట్లు కట్టినది పల్లము కాక గోడ యగును. కొన్ని కార్యాలయములలో పేరునకు కట్టిన అట్టి ర్యాంపులను మీరును చూచియుందురు, వాటిమీద చక్రముల కుర్చీ ఎక్కదు, ఎక్కిన ఆగదు. అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు ఉండవలెనను కొలత ఉన్నది. ఏడు మెట్లు, మెట్టుకు ఆరు అంగుళములు, మొత్తము మూడున్నర అడుగుల ఎత్తు. కాబట్టి 42 అడుగులు కావలెను. ముంగిట అంత స్థలము లేదు. ఎదుటనుండి మొదలుపెట్టి, మధ్యలో చదునుగా నిలుచుటకు చోటు విడిచి, ప్రక్కగోడ వెంబడి త్రిప్పి అదే గుమ్మమునకు చేర్చితిమి. వెనుక తలుపునకు చేర్చిన ఖర్చు తగ్గుననిరి. అవ్వ మాటలు జ్ఞాపకమునకు వచ్చి, అందరు వచ్చు గుమ్మముననే వారును రావలెనని పట్టుబట్టితిమి. నాలుగడుగుల వెడల్పున కట్టు పూర్తియైనది. చేయి పట్టుకొను ఇనుప గొట్టములు ఇంకను బిగింపలేదు; వాటికి డబ్బు చాలలేదు. రేకులు కారుచునే యున్నవి.

జనవరి కూటములు దగ్గరపడుచున్నవి. పందిరిలో ఎడమ తట్టు మొదటి మూడు వరుసలు బల్లలు వేయింతుము. అవి వృద్ధులకును వికలాంగులకును, వారి వెంట వచ్చు ఒకరికిని. వేదికమీది మెత్తని కుర్చీలలో ఆరింటిని క్రిందికి దింపించుచున్నాము. ఆ బల్లలకు ముప్పది గజములలోపల స్త్రీలకు ఒకటి, పురుషులకు ఒకటి మరుగుదొడ్డి, లోపల పట్టుకొనుటకు అడ్డకర్ర, త్రోవ పొడవున దీపములు. ట్రాక్టరు ట్రక్కు ఎక్కుటకు ఎత్తుపీట ఒకటి చేయించితిమి. ఆ ట్రాక్టరు తక్కినవాటికంటె గంట ముందు బయలుదేరును, ఆశీర్వాదమునకు ముందే వృద్ధులను ఎక్కించుకొని నిలుచును. చెవులు వినబడనివారికి ఏమి చేయవలెనో మాకు ఇంకను తెలియలేదు. చేతి సైగలతో వాక్యము చెప్పగలవారు మన పాస్టరేట్లలో ఎవరైన ఉన్నచో దయచేసి తెలియజేయుడి. ప్రతి గ్రామపు పెద్దలును తమ గ్రామమునుండి రావలెనని కోరువారి పేర్లను, వారికి కావలసినదానిని, వారినే అడిగి వ్రాసి డిసెంబరు మొదటి ఆదివారములోగా మాకు పంపవలెను.